పెట్టెలోని పిండి – చేతిలోని నేర్పు

పాకవిద్యను మన పూర్వులు అరవైనాలుగు కళలలో ఒకటిగా పరిగణించారు. నలభీమపాకమనే మాట నేటికీ వాడుకలో ఉంది. కళ అన్నచోట చేసేవారి చేతికే ప్రాధాన్యం. అయితే పదార్థాలన్నిటినీ కర్మాగారంలోనే కొలిచి, కలిపి, పెట్టెలో పెట్టి అమ్మితే ఇక ఆ చేతికి మిగిలే పని ఏమిటి? అమెరికాలో పుట్టిన కేక్ మిక్స్ చరిత్రను, దానితో అక్కడి గృహాలలో చేసుకొనే చాక్లెట్ కుకీల తయారీని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

కేకుకు మైదాపిండి, చక్కెర, కొవ్వు, గుడ్లు, పిండిని పొంగించే బేకింగ్ పౌడర్ అవసరం. వీటి పాళ్ళు తప్పితే కేకు గట్టిపడుతుంది. లేదా నడుమ కుంగిపోతుంది. ఈ పాళ్ళను ముందే సరిచూచి, పొడి పదార్థాలను కలిపి అమ్మేదే కేక్ మిక్స్.

దీని చరిత్ర పిట్స్‌బర్గ్ నగరంలో ప్రారంభమైంది. అక్కడి పి. డఫ్ అండ్ సన్స్ సంస్థ చెరకు నుండి వచ్చే మొలాసిస్ అనే చిక్కని పాకాన్ని విక్రయించేది. ఆ సంస్థకు చెందిన జాన్ డఫ్ ఈ పాకాన్ని గోధుమపిండితో కలిపి ఎండబెట్టి, అల్లం రుచిగల కేకు పిండిని తయారుచేసే పద్ధతికి 1930లో పేటెంటు కోరాడు. అందులో గుడ్డు కూడా పొడి రూపంలోనే ఉండేది. నీళ్ళు పోసి కలిపితే చాలు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత పెద్ద పిండిమిల్లులు ఈ రంగంలో ప్రవేశించాయి. జనరల్ మిల్స్ సంస్థ 1947లో బెట్టీ క్రాకర్ పేరుతోను, పిల్స్‌బరీ సంస్థ 1948లోను తమ మిశ్రమాలను విడుదల చేశాయి. బెట్టీ క్రాకర్ నిజమైన వ్యక్తి కాదు. గృహిణుల ఉత్తరాలకు జవాబులు వ్రాయడం కోసం 1921లో ఒక పిండిమిల్లు కల్పించిన పేరది!

కేక్ మిక్స్‌ను గురించి ఒక కథ బహుళ ప్రచారం పొందింది. నీళ్ళు మాత్రమే పోసి కేకు చేయడం గృహిణులకు అపరాధంగా తోచిందనీ, 1950వ దశకంలో ఎర్నెస్ట్ డిక్టర్ అనే మనస్తత్త్వవేత్త సలహాపై గుడ్డు వేసే పనిని వారికే విడిచిపెట్టగా అమ్మకాలు పెరిగాయనీ ఆ కథ సారాంశం. ఇది పూర్తిగా నిజం కాదు. గృహిణులు తాజా గుడ్లనే ఇష్టపడుతున్నట్లు డఫ్ తన మరొక పేటెంటు దరఖాస్తులో 1933లోనే పేర్కొన్నాడు. ఆ పేటెంటు 1935లో మంజూరయింది. పైగా, తాజా గుడ్డు వేసిన కేకు రుచిలోను, మృదుత్వంలోను మేలైనది. అయినా ఆ కథ ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. తనవారికి పెట్టే వంటలో తన శ్రమ కొంతైనా ఉండాలని కోరుకోవడం మానవ సహజం. కథ కల్పితమైనా అందులోని కోరిక సత్యం.

ఈ మిశ్రమంతో కేకు మాత్రమే కాక కుకీలు కూడా చేయవచ్చు. సాధారణంగా పెట్టెమీది సూచన ప్రకారం కేకుకు మూడు గుడ్లు, అరకప్పు నూనె, ఇంచుమించు ఒక కప్పు నీళ్ళు కలుపుతారు. కుకీలకు రెండు గుడ్లు, అరకప్పు నూనె చాలు, నీళ్ళు పోయరాదు. రహస్యమంతా ఇందులోనే ఉంది. నీరు సమృద్ధిగా ఉంటే పిండి జారుగా తయారై, వేడికి వాయుబుడగలతో పొంగి, మెత్తని కేకు అవుతుంది. నీటిని తగ్గిస్తే గుడ్లలోని తేమ మాత్రమే మిగులుతుంది. ముద్ద చిక్కబడి, తక్కువగా పొంగి, అంచులు గట్టిగా, నడుమ మెత్తగా ఉండే కుకీ తయారవుతుంది. పెట్టె ఒకటే; ఒక్క మార్పుతో ఫలితం వేరు.

చాక్లెట్ మిశ్రమంతో చేసిన ముద్దను అరగంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఉసిరికాయంత ఉండలుగా చేసి, రెండేసి అంగుళాల ఎడంగా పళ్ళెంలో అమర్చాలి. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఓవెన్‌లో 8 నుండి 10 నిమిషాలు ఉంచాలి. కోకో వల్ల పిండి ముందే నల్లగా ఉంటుంది. కనుక రంగును చూచి ఉడుకును గుర్తించలేము. అంచులు గట్టిపడి, నడుమ తడి మెరుపు పోయి, ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడే బయటికి తీయాలి. పళ్ళెంలోని వేడికి మిగిలిన ఉడుకు పూర్తవుతుంది.

పైపూతను ఫ్రాస్టింగ్ అంటారు. మెత్తబడిన వెన్నలో జల్లించిన చక్కెరపొడిని, కోకోపొడిని వేసి, రెండు చెంచాల పాలతో నురుగువలె గిలకొట్టితే అది సిద్ధమవుతుంది. కుకీలు పూర్తిగా చల్లారిన తరువాతనే దానిని పూయాలి. లేకుంటే వెన్న కరిగి జారిపోతుంది. కేక్ మిక్స్ వచ్చిన తరువాత అమెరికా గృహిణుల దృష్టి ఈ పైపూత మీదికి, అలంకరణ మీదికి మళ్ళింది. పిండి కర్మాగారానిదైనా అలంకారం వారిదే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది కొలత. ఒకప్పుడు పెట్టెలో సుమారు 517 గ్రాముల మిశ్రమం ఉండేది. తరువాత అది 432 గ్రాములయింది. ఇటీవల కొన్ని పెట్టెలలో 375 గ్రాములే ఉంటున్నది. పాత పద్ధతిలో "ఒక పెట్టె" అని ఉన్నచోట నేటి పెట్టెను వాడితే ముద్ద జారుగా మారి కుకీలు పలచగా పరచుకొంటాయి. కనుక బరువు చూచుకోవాలి. రెండవది ఆరోగ్యం. పచ్చిపిండి రుచి చూడరాదు. మైదాలోను, పచ్చిగుడ్లలోను హానికరమైన బాక్టీరియా ఉండవచ్చు. 2021లో అమెరికాలో వ్యాపించిన ఒక ఇ. కోలి వ్యాధికి కేక్ మిక్స్‌తో సంబంధం ఉన్నట్లు ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం గుర్తించింది.

మన ఇళ్ళలో పొట్లం పిండితో గులాబ్‌జామ్ చేసినప్పుడు కూడా ముద్దను ఎంత కలపాలో, నూనె ఎంత కాగాలో తెలియనివారికి ఉండలు విచ్చిపోతాయి. కర్మాగారం కొలతను ఇవ్వగలదు. కాలాన్ని ఆదా చేయగలదు. ఎప్పుడు ఆపాలో తెలిసిన కన్నును, ఎంత కలపాలో తెలిసిన చేతిని మాత్రం ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేదు. అవి అభ్యాసంతోనే అలవడతాయి.