గమకం పలికిన యంత్రం

మన పావగడ, మడకశిర వైపు పల్లెల్లో పౌరాణిక నాటకమంటే ముందు హార్మోనియం శ్రుతి వినబడాలి. పద్యం తెలుగుదైనా, కన్నడదైనా సరే. ఆ హార్మోనియాన్నే 1940లో ఆలిండియా రేడియో నిషేధించింది. 1971 దాకా ఆ కట్టడి సాగింది. మెట్టు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతుంది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం దానికి చేతకాదు, గమకం లేని రాగం రాగమే కాదు అన్నది పెద్దల అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు.

ఈ సంగతి మనసులో పెట్టుకొని ఒక ఆల్బమ్ వినమని మిమ్మల్ని కోరుతున్నాను. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో చేసినది. పాట, మాట దాదాపు లేవు. ఉన్నవి మూడు రోలాండ్ యంత్రాలు. టీఆర్-808 తాళం వేస్తుంది, టీబీ-303 మంద్రంలో నడుస్తుంది, జూపిటర్-8 రాగం పలుకుతుంది.

ఈ యంత్రాలకూ మెట్లే ఉన్నాయి. కాని మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరాన్ని జార్చే ఏర్పాటు కూడా ఉంది. హార్మోనియానికి లేనిది అదే. సింగ్ దానిని గమకం కోసం వాడుకొన్నాడు. వీణలో పలికే గమకమంతా ఇందులో ఉందని నేననను. కాని రాగం గుర్తుపట్టడానికి అది చాలు.

రాగాలు హిందుస్తానీవే అయినా మన చెవికి కొత్త కాదు. భూపాలి మన మోహన, మాల్కౌంస్ మన హిందోళం, యమన్ మన కల్యాణికి దగ్గర, కళావతి మన వలజికి దగ్గర. నడక కొంత వేరు, అంతే.

లోపమూ చెప్పాలి. డిస్కో దరువు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే తీరు. పది రాగాలూ ఒక్క ఊపున వింటే విసుగు పుట్టవచ్చు.

అప్పట్లో దీన్ని కొన్నవారు తక్కువ. 1987లో అమెరికాలోని చికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే టీబీ-303తో 'యాసిడ్ ట్రాక్స్' చేసింది. దానితో కొత్త నృత్యసంగీతం ఒకటి లోకమంతా పాకింది. వారికంటే అయిదేళ్ల ముందే బొంబాయిలో ఆ ధ్వని పలికిందని లోకానికి తెలిసింది 2010లో, ఒక డచ్చి కంపెనీ ఈ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు. ఆ తరువాత విదేశీ వేదికల మీద సింగ్ వాయించాడు. 2015లో కన్నుమూశాడు. ఆలస్యంగానైనా ఆ చప్పట్లు ఆయన చెవిన పడ్డాయి.

దీనికంటే పాతది వినాలంటే, అహమ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో 1969 నుంచి 1972 దాకా జరిగిన ప్రయోగాలు 2023లో 'ది ఎన్ఐడి టేప్స్' పేరుతో వచ్చాయి. అవి ఓపిక ఉన్నవారికే.

ఊరి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వారిని పక్కన కూర్చోబెట్టుకొని ముందు భూపాలి వినండి. రాగం పేరు చెప్పకండి. మోహన అని వారే పోల్చుకోగలరేమో చూడండి. మరునాడు మాల్కౌంస్ పెట్టండి.