జీతములో కోత, వత్సరాంతమున వాపసు

గడచిన వేసవిలో మా విద్యార్థి తండ్రిగారొకరు పాఠశాలకు వచ్చి మిక్కిలి సంతోషముతో నొక వార్త చెప్పిరి. "మా పెద్దవాడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు గదండీ! ఈ యేడు అక్కడి ప్రభుత్వమువారు వానికి వేయి డాలరులకు పైగా పంపినారు. ఎంత ఉదారమైన ప్రభుత్వమో చూడుడు!" అనిరి. ప్రక్కన నిలిచియున్న పదవ తరగతి బాలుడొకడు, "ఊరక యెందుకిత్తురండీ?" అని యడిగెను. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము. తెలుగునాటి కుటుంబములనుండి అనేకులు ఆ దేశమునకు చదువులకును కొలువులకును పోవుచున్నారు గనుక ఈ సంగతి తల్లిదండ్రులకును విద్యార్థులకును అక్కఱకు వచ్చునదే.

బాలుని సందేహము న్యాయమైనది. ప్రభుత్వము ఊరక యిచ్చినది కాదు. ఆ సొమ్ము ఆ యువకునిదే. అంగడికి పోయి సరకు ధర తెలియకమునుపే నూరు రూపాయల నోటు చేతికిచ్చినచో, లెక్క కట్టిన పిమ్మట దుకాణదారుడు చిల్లర తిరిగి యిచ్చును. ఆ చిల్లరను బహుమానమని యెవ్వరును తలంపరు గదా! ఆదాయపు పన్ను వాపసును సాధారణముగా నట్టి చిల్లరయే. అయితే ధర తెలియకముందే నోటు నేల యియ్యవలెను? దీనికి కొంత చరిత్ర కలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆదాయపు పన్ను అంతర్యుద్ధకాలమున పుట్టెను. 1862 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వోద్యోగుల జీతములనుండి పన్నును ముందే పట్టుకొనుచుండిరి. ఆ పన్ను 1872లో అంతరించెను. 1913లో రాజ్యాంగమునకు పదునాఱవ సవరణ జరిగిన పిమ్మట మరల వచ్చి స్థిరపడెను. కాని చాలకాలమువఱకు దానిని చెల్లించినవారు కొద్దిమంది కలవారు మాత్రమే. వారును ఒక సంవత్సరపు ఆదాయముపై పన్నును మఱుసటి సంవత్సరమున వాయిదాలుగా కట్టుచుండిరి. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. 1939లో సుమారు 40 లక్షలమంది చెల్లించిన పన్నును 1945 నాటికి సుమారు 4 కోట్ల 30 లక్షలమంది చెల్లింపవలసి వచ్చెను. వారపు కూలిపై జీవించు కార్మికుడు ఏడాది గడచిన తరువాత పెద్ద మొత్తము నెక్కడనుండి తెచ్చును?

మేసీ యను గొప్ప వర్తకశాలకు కోశాధికారియైన బియర్డ్‌స్లీ రమ్ల్ దీనికొక యుపాయము చెప్పెను. సంపాదించినప్పుడే, జీతము చేతికి రాకమునుపే, పన్ను చెల్లవలెనని యాతని మతము. అయితే 1943లో నట్లు మొదలిడినచో, ఆ యొక్క యేటనే 1942 పన్నును 1943 పన్నును రెండును మోయవలసివచ్చును. కావున పాత యేటి పన్నును విడిచిపెట్టుడని యాతడు కోరెను. కాంగ్రెసువారు మధ్యేమార్గము త్రొక్కి, ఆ రెండేండ్ల పన్నులలో తక్కువదానియందు సాధారణముగా నూటికి 75 వంతులు మాఫీ చేసిరి. 1943 జూన్ 9వ తేదీన చట్టము వెలువడెను. జూలై 1వ తేదీనుండి జీతములలో కోత మొదలయ్యెను. నాటనుండి నేటివఱకు ఆ పద్ధతియే నడచుచున్నది.

ఇక కోతను లెక్కించు విధము. యజమానికి ఉద్యోగి సంసారపు సంగతులన్నియు తెలియవు. ఈ పర్యాయమిచ్చు జీతమే యేడాది పొడుగున వచ్చుననుకొని, తత్ప్రకారము పన్ను నంచనా కట్టి, అందులో నీ పర్యాయపు భాగమును పట్టుకొని ఖజానాకు పంపును. ఆ యంచనాను సరిచేయుటకు ఉద్యోగి డబ్ల్యు-4 అను ఫారమును నింపి యజమానికియ్యవలెను. 2019 వఱకు అందులో మినహాయింపుల సంఖ్య వ్రాయుచుండిరి; 2020లో ఆ పద్ధతి పోయి అయిదు మెట్ల ఫారము వచ్చినది. మొదటి మెట్టున పేరును, ఒంటరియో వివాహితుడో యను సంగతియు, రెండవదానిలో మఱియొక యుద్యోగము గాని, భార్యాభర్తలిరువురి సంపాదన గాని కలదాయనుట, మూడవదానిలో పోషింపవలసిన పిల్లలు మొదలగువారు, నాలుగవదానిలో ఇతరాదాయము, తగ్గింపులు, ప్రతి జీతమునందు అదనముగా పట్టుకొనవలసిన మొత్తము, అయిదవది సంతకము. ఎన్నడు కావలసిన నన్నడు క్రొత్త ఫారము నీయవచ్చును. వివాహమైనప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ఉద్యోగము మారినప్పుడు ఇచ్చుట మంచిది.

ఒక లెక్క చూతము. 2024లో నొంటరివాడొకడు 50,000 డాలరులు సంపాదించెననుకొనుడు. ఆ యేటి సాధారణ తగ్గింపు 14,600 డాలరులు. తక్కిన 35,400 డాలరులలో మొదటి 11,600కు నూటికి 10 వంతున 1,160. మిగిలిన 23,800కు నూటికి 12 వంతున 2,856. వెరసి పన్ను 4,016 డాలరులు. రెండు వారముల కొకసారి జీతము వచ్చినచో ఏడాదికి 26 జీతములు. ప్రతిసారి 200 డాలరులు పట్టుకొన్నయెడల 5,200 అగును; అతనికి 1,184 డాలరులు వాపసు వచ్చును. తండ్రిగారు సంతోషించినది యిట్టి మొత్తమునకే. నిజమునకు ఆ యువకుడు ప్రతి జీతమునందును సుమారు 45 డాలరులను ప్రభుత్వమునకు వడ్డీలేని యప్పుగా నిచ్చినాడు! గడువులోపల లెక్కపత్రము నిచ్చినవారికి, గడువు తేదీనుండి 45 దినములలో వాపసు నిచ్చినచో, ప్రభుత్వము వడ్డీ చెల్లింపదు. ఆ సమయముననే అతడు నూటికి 20 వంతు వడ్డీకి బాకీపడి యున్నయెడల నష్టమెంతయో బాలురే లెక్కింపగలరు.

దీనికి విరుద్ధమైన ప్రమాదమును కలదు. పై యువకుడే 25,000 డాలరుల చొప్పున రెండు కొలువులు చేయుచు, రెండవ మెట్టును నింపక విడిచెననుకొనుడు. ఒక యజమాని సంగతి మఱియొకని కెఱుక లేదు. ఇరువురును వేర్వేరుగా 14,600 తగ్గించి, మిగిలిన 10,400పై 1,040 డాలరుల చొప్పున పట్టుకొందురు. వెరసి 2,080. చెల్లవలసినది 4,016. ఏప్రిల్ 15వ తేదీకి 1,936 డాలరులు ఒక్కసారిగా కట్టవలసివచ్చును. సాధారణముగా కొఱత 1,000 డాలరులకు లోబడిన గాని, ఆ యేటి పన్నులో నూటికి 90 వంతులు ముందే చెల్లిన గాని, లేదా గడచిన యేటి పన్నంత మొత్తము చెల్లిన గాని అపరాధము లేదు. పెద్ద యాదాయముగలవారికి ఈ కడపటి నియమము నూటికి 110 వంతులు. ఒక కొలువులో నాలుగవ మెట్టున 75 డాలరులు అదనముగా పట్టుకొనుడని వ్రాసియున్నచో 26 జీతములకు 1,950 చేరి యీ చిక్కు తీరియుండెడిది. ఋణశేషము నుంచరాదని పెద్దలు చెప్పిన మాట యిచ్చట వర్తించును.

కొందఱు తెలిసియే యెక్కువ కోత పెట్టించుకొందురు. చేతికందిన సొమ్ము నిలువదనియు, ఒక్కసారి వచ్చినచో నింటికి పనికివచ్చుననియు వారి యుద్దేశము. వారిని తప్పుపట్టరాదు, కాని తెలిసి చేయుట వేరు, తెలియక చేయుట వేరు. మఱియు వాపసులన్నియు చిల్లరయే యని చెప్పరాదు. తక్కువ సంపాదనగల శ్రామికులకు 1975నుండి యిచ్చుచున్న పన్ను సహాయము వారు కట్టినదానికంటె నెక్కువగ కూడ రావచ్చును. బీద కుటుంబములకు అది పెద్ద యాధారము.

మన విద్యార్థులకు ముఖ్యమైన సంగతులు కొన్ని కలవు. జీతమునుండి పోవు సామాజిక భద్రత పన్ను నూటికి 6.2, మెడికేర్ పన్ను 1.45 అను కోతలు డబ్ల్యు-4చే మారవు. అయితే ఎఫ్-1 వీసాపై చదువుకొనువారికి సాధారణముగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరములు ఈ రెండును వర్తింపవు. పొరపాటున పట్టుకొన్నచో మొదట యజమానినే అడుగవలెను. భారతదేశమునకును అమెరికాకును 1989లో కుదిరిన పన్నుల యొడంబడిక ననుసరించి మన విద్యార్థులు సాధారణ తగ్గింపును పొందవచ్చును. ఇతర దేశముల విద్యార్థులలో ననేకులకు ఈ సౌకర్యము లేదు. ఇది తెలియక వాపసు కోరని బాలుడు తన సొమ్మును తానే విడిచినవాడగును. కోరుటకు సామాన్యముగా మూడేండ్ల గడువు కలదు.

మన దేశమునందును ఉపాధ్యాయుల జీతములనుండి యజమానులు పన్ను పట్టుకొనుటయు, ఎక్కువైనది లెక్కపత్రము నిచ్చిన పిమ్మట తిరిగి వచ్చుటయు కలదు. దేశము వేఱైనను న్యాయమొక్కటే. ఈ లెక్కయంతయు మన యెనిమిదవ తరగతి గణితమునకు మించినది కాదు. తండ్రిగారికి నేనీ సంగతి వివరించినప్పుడు వారు నవ్వి, "అయితే మావాడికి ఉత్తరము వ్రాసి ఆ ఫారము మరల చూచుకొమ్మని చెప్పెదను" అనిరి. ప్రశ్న వేసిన బాలునికి ఆ దినమున మేమిచ్చిన మెప్పు వాడు న్యాయముగా సంపాదించుకొన్నదే. అందులో కోత యేమియు లేదు.