మంచి డ్రైవరు నిలిస్తేనే బండికి బరకతు

రెండు మూడెకరాల రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న సరుకు బండి కొనుక్కోవడం మంచి ఆలోచనే. భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దిక్కు నుంచి కోడి కూయకముందే కూరగాయలు ఉప్పల్ మీదుగా నగరానికి తోలవచ్చు. పొద్దెక్కాక నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లో కిరాయి దొరికితే పంట లేని నెలల్లో కూడా నాలుగు పైసలు చేతిలో ఆడతాయి. అయితే బండి కొనడానికి నెల రోజులు తిరిగే రైతు, డ్రైవరును మాత్రం ఒక్క పూటలో పెట్టుకుంటాడు. చిక్కు అక్కడే వస్తుంది. బండి మీ పేరున ఉంది, అప్పు మీ పేరున ఉంది. రేపు ఏదైనా జరిగితే నోటీసు కూడా మీ పేరునే వస్తుంది. కాబట్టి డ్రైవరును ఎంచుకోవడం, జీతం కట్టివ్వడం, నిలుపుకోవడం కూడా సేద్యంలాగే తెలుసుకుని చేయాలి.

లైసెన్సు ముందు, మాట తర్వాత

తెలిసినవాడు, మనూరివాడు అని లైసెన్సు చూడకుండా తాళం చెవి ఇవ్వవద్దు. లైసెన్సు లేనివారికి బండి ఇస్తే 1988 మోటారు వాహనాల చట్టం కింద యజమానిది కూడా తప్పే. అసలు లైసెన్సు చేతిలోకి తీసుకుని పేరు, ఫొటో, గడువు, ఏ తరగతి బండికి ఇచ్చారన్నది చూడాలి. నంబరును రవాణా శాఖ ‘పరివాహన్’ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. మీకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలు చూసి చెబుతారు. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

బండి, సరుకు కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి లైట్ మోటారు వాహన లైసెన్సు చాలునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. అంతకన్నా పెద్ద బండికి మాత్రం ఆ తరగతి రవాణా లైసెన్సు ఉండి తీరాలి. 2019 సవరణ తర్వాత రవాణా లైసెన్సును 5 ఏళ్లకోసారి కొత్త చేయించుకోవాలి. ఆ తేదీ డ్రైవరుకు గుర్తున్నా లేకున్నా మీ క్యాలెండరులో రాసి ఉండాలి.

ఇదంతా ఎందుకంటే, తగిన లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితుడికి డబ్బు కట్టి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలుంది. లక్షల్లో ఉండే ఆ సొమ్ముకు చిన్న రైతు భూమి తప్ప మరేం అమ్మగలడు? యజమాని తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది ఇలాంటి కేసుల్లో ముఖ్యమని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. లైసెన్సు చూసి, బండి నడిపించి చూసి పెట్టుకోవడమే ఆ జాగ్రత్త.

నడిపించి చూడాలి

ఖాళీ బండి ఎవరైనా నడుపుతారు. లోడుతో నడిపించి చూడండి. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర రద్దీలో ఓపిక పడుతున్నాడా, హారను మీదే చేయి పెడుతున్నాడా గమనించండి. నాచారం సందుల్లో వెనక్కి తీసేటప్పుడు దిగి చూస్తున్నాడా, అద్దాన్నే నమ్ముతున్నాడా చూడండి. ఎక్కేముందు టైర్లు, ఆయిలు, నీళ్లు చూసుకునేవాడు పనిమంతుడు. ఇంతకుముందు పనిచేసిన చోట ఎందుకు మానాడో అతణ్నీ అడగండి, ఆ యజమానినీ అడగండి. తాగుడు ఉందా అన్నది మొహమాటం లేకుండా విచారించాలి.

జీతం ఎలా కట్టాలి?

ట్రిప్పుకు ఇంత అని మాత్రమే ఇస్తే డ్రైవరు నిద్ర మానుకుని పరుగులు తీస్తాడు. నెల జీతం మాత్రమే ఇస్తే లోడు దొరికినా దొరకకున్నా అతనికి ఒకటే. అందుకని రెండూ కలపడం మేలు. ఇల్లు గడిచేంత నెల జీతం ఖాయంగా ఉండాలి. బండి కదిలిన రోజు బత్తా వేరుగా ఇవ్వాలి. తిరుగు లోడు అతనే వెతికి తెస్తే ఆ కిరాయిలో కొంత వాటా ఇవ్వాలి. నాచారంలో గోదాము ముందు దించుకునేవాళ్ల కోసం అయిదారు గంటలు కాచుకోవాల్సి వస్తే, దానికీ బత్తా ఉండాలి. ఆగి ఉన్నది బండే గానీ, అతని పొద్దు కూడా పోతున్నది కదా!

జీతం చెప్పిన తారీఖునే ఇవ్వాలి. ‘మార్కెటు పైసలు రాలేదు, వచ్చేవారం చూద్దాం’ అన్న మాట రెండుసార్లు వింటే డ్రైవరు మూడోసారికి వేరే బండి వెతుక్కుంటాడు. అడ్వాన్సు ఇస్తే నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. ఒక్క నెలలో మొత్తం కోసేయకుండా కొంచెం కొంచెం పట్టుకోవాలి.

చలాను ఎవరు కట్టాలన్నది కూడా మొదటిరోజే తేల్చుకోండి. సిగ్నలు దాటినా, వేగం మించినా డ్రైవరు బాధ్యత. కాగితాలు సరిగా లేకున్నా, మీరు చెప్పినందుకు ఎక్కువ బరువు ఎత్తినా మీ బాధ్యత. నగరంలో పగటిపూట బరువు వాహనాలకు ఆంక్షలు ఉంటాయి. ఆ వేళలు తెలుసుకోకుండా మీరు పంపిస్తే చలాను అతని మీద వేయడం న్యాయం కాదు.

డీజిలు లెక్క

అనుమానం కన్నా లెక్క మేలు. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకోండి. మళ్లీ నిండా పోయించినప్పుడు చూడండి. 480 కిలోమీటర్లకు 40 లీటర్లు పట్టిందనుకుంటే లీటరుకు 12 వచ్చినట్లు. ఒకసారి 10కి పడిపోతే వెంటనే దొంగతనం అంటగట్టవద్దు. టైర్లలో గాలి తక్కువైనా, ఎయిర్ ఫిల్టరు మూసుకున్నా, క్లచ్చి జారినా, ఉప్పల్ రోడ్డులో గంటల కొద్దీ ఆగినా మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ చూశాక కూడా లెక్క తేలకపోతే అప్పుడు నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి అడగాలి.

నిద్ర ముందు, లోడు తర్వాత

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. అర్ధరాత్రి టమాట లోడుతో వెళ్లిన డ్రైవరును పొద్దున్నే కంపెనీ కిరాయికి పంపి, రాత్రికి మళ్లీ మార్కెటుకు తోలితే స్టీరింగు మీద కునుకు పడుతుంది. అయిదుగురు, ఆపైన పనివారున్న రవాణా సంస్థల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని 1961 చట్టం గీత గీసింది. ఆ చట్టాన్ని 2025లో కొత్త కార్మిక కోడులో కలిపారు. చట్టం పేరు మారింది గానీ మనిషికి కావలసిన నిద్ర మారలేదు. ఒకే బండి ఉన్నా ఈ లెక్కనే పాటించండి. రాత్రి తోలినవాడు 7, 8 గంటలు పడుకున్నాకే మళ్లీ ఎక్కాలి. రెండు పూటలా బండి నడవాలంటే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి.

తిరుగు ప్రయాణంలో డబ్బాలో మనుషులను ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పాలి. సరుకు వెంట వచ్చే సరుకు యజమాని, అతని మనిషి తప్ప సరుకు బండిలో ఎక్కినవారికి బీమా వర్తించదు. పది రూపాయల ఆశకు పొలం మీదికి వస్తుంది.

బీమా పాలసీలో జీతం డ్రైవరుకు, క్లీనరుకు బాధ్యత వర్తించేలా ఉందో లేదో ఏజెంటును అడిగి చూసుకోండి. దానికి తోడు డ్రైవరు బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. ప్రమాదంలో మరణిస్తే ఇంటివారికి 2 లక్షలు వస్తాయి. ఆ 20 రూపాయలు మీరే కడితే మీకు పోయేదేమీ లేదు.

నిలుపుకునే పద్ధతి

డ్రైవరు మానేస్తే నష్టమెంతో లెక్కవేయండి. ఖర్చులు పోను రోజుకు 1,000 మిగిలే బండి 10 రోజులు షెడ్డులో నిలబడితే 10,000 పోయినట్లు. నెలకు 500 పెంచితే ఏడాదికి 6,000 మాత్రమే. ఏది చౌకో మీరే చూడండి.

అయితే డబ్బు ఒక్కటే చాలదు. బ్రేకు సరిగా పడటం లేదని డ్రైవరు చెబితే ఆ రోజే మెకానిక్కు చూపించండి. ఈ మాట చెవిన పెట్టని యజమాని దగ్గర మంచి డ్రైవరు మొదట మానేస్తాడు, ఎటూ పోలేనివాడు మిగులుతాడు. ముగ్గురు కలిసి కొన్న బండికి పని చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. ముగ్గురూ మూడు ఫోన్లు చేస్తే ఎవరి మాట వినాలి? బండి లేని రోజు పొలం పనికి రమ్మనాలంటే ముందే మాట్లాడుకుని దానికి కూలి కట్టాలి. ‘ఏరా, పోరా’ కాకుండా వయసును బట్టి తమ్మీ అనో, అన్నా అనో పిలవండి. దసరాకు బండికి పూజ చేసినప్పుడు అతనికి ఒక జత బట్టలు పెట్టండి. పండగకు, ఇంట్లో ఆపదకు సెలవు ఇవ్వండి.

ముందుచూపుతో ఊళ్లో బుద్ధిమంతుడైన కుర్రాణ్ని క్లీనరుగా పెట్టి నేర్పించుకోండి. లైట్ వాహన లైసెన్సు వచ్చి ఏడాది నిండితే, 20 ఏళ్లు దాటితే రవాణా లైసెన్సుకు వెళ్లవచ్చు. అప్పుడు పాత డ్రైవరు సెలవు పెట్టినా బండి ఆగదు.

ఇప్పటికే డ్రైవరు ఉన్నవారు ఈ వారంలో మూడు పనులు చేయండి. లైసెన్సు గడువు చూడండి, బీమా పాలసీ చదివించుకోండి, డ్రైవరును కూర్చోబెట్టి బండిలో ఏం బాగుచేయాలో అడగండి. అతను చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, మొదట బ్రేకులు, టైర్ల పని చేయించండి.