విద్యుచ్ఛక్తి కారా, హైబ్రిడ్ కారా?

మన సీమలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్టనేలలో, పెనుకొండ చెంతనున్న ఎఱ్ఱమంచి గ్రామమున కియా సంస్థవారి కర్మాగారమునుండి 2019వ సంవత్సరము మొదలు కార్లు వెలువడుచున్నవి. ఆ గ్రామము 2022లో అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అచ్చట నిర్మింపబడిన కారెన్స్ క్లావిస్ అను విద్యుచ్ఛక్తి కారు 2025 జూలైలో అమ్మకమునకు వచ్చెను. కావున విద్యుచ్ఛక్తి కారు మేలా, హైబ్రిడ్ కారు మేలా యను ప్రశ్న మన ముంగిటికే వచ్చినది. దీనిని ఇచట సంగ్రహముగా విచారింతము.

హైబ్రిడ్ కారనగా రెండు బలములతో నడచు బండి. అందు పెట్రోలు ఇంజనును, విద్యుచ్ఛక్తి మోటారును, చిన్న బ్యాటరీయును గలవు. 1997లో జపాను దేశపు టయోటా సంస్థవారు ప్రియస్ అను పేర ఇట్టి కారును విక్రయింప మొదలిడిరి. మామూలు కారులో బ్రేకు వేసినపుడు బండి వేగము వేడిమిగా మారి వ్యర్థమగును. హైబ్రిడ్ కారులో ఆ వేగమే మోటారును త్రిప్పి బ్యాటరీని నింపును. కావున పెట్రోలు తక్కువ పట్టును. సామాన్యముగా దీనిని బయటినుండి ఛార్జి చేయ నక్కఱలేదు.

విద్యుచ్ఛక్తి కారులో ఇంజను లేదు. పెద్ద బ్యాటరీయు మోటారును మాత్రమే యుండును. పొగ రాదు, చప్పుడు తక్కువ, మరమ్మతులును తక్కువ. పైని చెప్పిన కారెన్స్ క్లావిస్‌లో పెద్ద రకపు బ్యాటరీ 51.4 యూనిట్ల శక్తిని నిలువచేయును. పరీక్షలో అది 490 కిలోమీటర్లు నడచునని తేల్చిరి. అయితే బాటపై, అందును వేసవిలో చల్లదనపు యంత్రము నడుపుచు పోయినపుడు, అంత దూరము రాదు. అనంతపురమునుండి బెంగుళూరు పోయి మరలివచ్చుటకు 400 కిలోమీటర్లు దాటును గనుక నడుమ ఛార్జి చేయవలసి వచ్చును. పెట్రోలు నింపుటకు చాలు నిమిషములు దీనికి చాలవు. మిక్కిలి వేడిమి బ్యాటరీ ఆయువును కూడ తగ్గించును.

ఇక పొగ మాట. విద్యార్థులారా, పలకపై ఈ లెక్క వేయుడు. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2,300 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. 100 కిలోమీటర్లకు మామూలు కారు 8 లీటర్లు, హైబ్రిడ్ కారు 5 లీటర్లు త్రాగుననుకొందము. మొదటిది 18.4 కిలోగ్రాములు, రెండవది 11.5 కిలోగ్రాములు విడుచును. విద్యుచ్ఛక్తి కారుకు అంతదూరమునకే 15 యూనిట్లు పట్టుననుకొందము. మన దేశమున విద్యుచ్ఛక్తిలో అధికభాగము బొగ్గునుండియే వచ్చుచున్నది. యూనిట్టునకు సరాసరి 700 గ్రాములు లెక్కగట్టిన 10.5 కిలోగ్రాములగును. అనగా హైబ్రిడ్ కారుకును దీనికిని భేదము స్వల్పమే. కారునుండి పొగ రాకున్నను ఎక్కడో పొగగొట్టమునుండి వచ్చుచునే యున్నది.

అయితే ఈ లెక్క మార్చు సాధనము మన చెంతనే కలదు. నంబులపూలకుంటలో 2016లో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడెను. రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుచున్నవి. పంటను మాడ్చు ఎండయే పగటివేళ బ్యాటరీని నింపినయెడల పై లెక్కలోని 10.5 కిలోగ్రాములు మిక్కిలి స్వల్పమగును. పెట్రోలు త్రాగు హైబ్రిడ్ కారు ఎంత పొదుపైనదైనను ఈ మేలు పొందజాలదు.

కావున మా అభిప్రాయమిది: తఱచుగా దూరప్రయాణములు చేయుచు, ఛార్జికి వసతిలేనివారికి నేడు హైబ్రిడ్ కారు తగినది. ఊరిలోనే తిరుగుచు, పగలు బండిని సౌరఫలకముల క్రింద నిలుపగలవారికి విద్యుచ్ఛక్తి కారు మేలు. కారు కొనజాలని మనలో అనేకులకు ఏబదిమందిని మోయు బస్సే రెంటికంటె మేలు. కట్టడమునకు పూనుకొనకమునుపే వ్యయము లెక్కించుట వివేకమని సువార్త మనకు నేర్పుచున్నది. దేవుడు మనకు వాననీటిని కొలతగా నిచ్చి, సూర్యరశ్మిని ధారాళముగా నిచ్చెను. కొలతగా నిచ్చినదానిని కాపాడుటయు, ధారాళముగా నిచ్చినదానిని వాడుకొనుటయు మంచి గృహనిర్వాహకుల ధర్మము.