మీకు తెలుసా? మొక్కజొన్న లేని కార్న్‌హోల్

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన అమ్మానాన్నలు ఈ ఆటను చూసే ఉంటారు. పెరట్లో ఒక పక్క చికెన్ కాలుతుంటే, ఇంకో పక్క చిల్లున్న ఏటవాలు చెక్కలు రెండింటిని ఎదురెదురుగా పెట్టి, గుడ్డ సంచులు విసురుతుంటారు. పేరు కార్న్‌హోల్. సంచిలో ఎండు మొక్కజొన్న గింజలు, చెక్కకో చిల్లు. పేరు పుట్టింది అలాగే.

ఇప్పుడు పోటీల్లో వాడే సంచులు విప్పి చూస్తే మొక్కజొన్న గింజ ఒక్కటీ దొరకదు! గింజలు నలిగి పిండవుతాయి, తడిస్తే ఉబ్బుతాయి, గ్యారేజీలో వదిలేస్తే ఎలుకలకు విందు. అందుకే ప్లాస్టిక్ గుళికలు నింపుతున్నారు. పేరును మాత్రం ఎవరూ మార్చలేదు.

ఈ ఆటను 14వ శతాబ్దంలో జర్మనీలో ఓ వడ్రంగి కనిపెట్టాడని ఇంటర్నెట్‌లో ఓ కథ తిరుగుతుంటుంది. దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. కాగితం మీద దొరికేది 1883 నాటి అమెరికా పేటెంటు. హేలిగర్ డి విండ్ట్ అనే ఆయన తన ఆటకు ‘పార్లర్ క్వాయిట్స్’ అని పేరు పెట్టాడు. మేకుకు ఇనుప కడియాలు విసిరే పాత ఆటను ఇంట్లో ఆడుకునేలా మార్చడం ఆయన ఉద్దేశం. చిల్లు గుండ్రంగా కాక చదరంగా ఉండేది. తర్వాత మసాచుసెట్స్‌లోని ఓ బొమ్మల కంపెనీ దాన్ని ‘ఫాబా బాగా’ అని అమ్మింది. ఫాబా అంటే లాటిన్‌లో చిక్కుడు జాతి గింజ. మొక్కజొన్న ఊసే లేదన్నమాట.

కార్న్‌హోల్ అన్న పేరుతో ఆట ఊపందుకున్నది ఒహాయో రాష్ట్రం సిన్సినాటి వైపు. షికాగో వాళ్లు మాత్రం ‘బ్యాగ్స్’ అంటారు. ఒక రకంగా వాళ్లే నయం, ఎందుకంటే ఇంగ్లీషులో కార్న్‌హోల్ అన్నది ఓ బూతుమాట కూడా. టీవీలో ఈ పోటీలు వచ్చినప్పుడల్లా కొందరు ముసిముసిగా నవ్వుకునేది అందుకే.

చెక్క పొడవు 4 అడుగులు, వెడల్పు 2. చిల్లు అడ్డకొలత 6 అంగుళాలు. రెండు చెక్కల మధ్య దూరం 27 అడుగులు. సంచి చిల్లులో పడితే 3 పాయింట్లు, చెక్క మీద ఆగితే 1. అసలు తిరకాసు లెక్కలో ఉంది. చెరో 4 సంచులూ విసిరాక రెండు వైపుల పాయింట్లనూ ఒకదాంతో ఒకటి కొట్టేస్తారు. మీకు 7, అవతలివాళ్లకు 5 వస్తే మీ ఖాతాలో పడేవి 2. ముందు 21కి చేరినవాళ్లు గెలిచినట్టు. అందుకే ఆరితేరినవాళ్లు చిల్లు ముందే సంచిని ఆపి, ఎదుటివాడి దారికి అడ్డం పెడతారు. అప్పుడు వాడు చెక్కను తాకకుండా పైనుంచి నేరుగా చిల్లులోకి వేయాలి. ఆ దెబ్బను ‘ఎయిర్‌మెయిల్’ అంటారు.