ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల ప్రాచీన కట్టడములు : స్థానిక సంస్థల బాధ్యత

తెలుగు సాహిత్యచరిత్ర చదువు విద్యార్థికి ఉదయగిరి పేరు ముమ్మారు తారసపడును. విజయనగర రాజ్యస్థాపన కాలమున హరిహరరాయల తమ్ముడైన కంపరాజు ఉదయగిరి రాజ్యమును పాలించెను. వేదభాష్యకర్త యగు సాయణుడు ఈ కంపరాజునకును, అతని కుమారుడగు సంగమరాజునకును మంత్రి. సాయణుని తమ్ముడు భోగనాథుడు ఆ సంగమరాజు క్రీ. శ. 1356లో ఇచ్చిన బిట్రగుంట దానశాసనమును రచించెను. ఇది మొదటి సందర్భము. గజపతుల కాలమున ఉదయగిరి నేలిన బసవరాజునకు మంత్రియైన గంగయామాత్యుడు రెండు కావ్యములకు కృతిపతి యగుట రెండవ సందర్భము. నంది మల్లయ, ఘంట సింగయల ప్రబోధచంద్రోదయమును, దుగ్గన నాచికేతోపాఖ్యానమును ఆయనకే అంకితమైనవి. శ్రీకృష్ణదేవరాయల తూర్పు దిగ్విజయము మూడవది. మనుచరిత్ర అవతారికలో అల్లసాని పెద్దన, రాయల ప్రతాపాగ్ని తొలుత ఉదయాద్రి శిలకు ఖడ్గము తాకినప్పుడు పుట్టెనని వర్ణించెను. చెకుముకిరాతికి ఉక్కు తాకి నిప్పు పుట్టుట ఆ కల్పనకు మూలము.

పెద్దన చెప్పిన ఆ శిల నేటికిని ఉన్నది. దానిమీది కోటగోడలు, గుడులు, మసీదు, మెట్లదారి, నీటిగుంటలు కొన్ని నిలిచియున్నవి, కొన్ని కూలినవి, కొన్ని ముళ్లపొదలలో మునిగినవి. కావ్యమును కాపాడుటకు తాళపత్రములను వెదకి, పాఠములను పోల్చి, పరిష్కరించి, ముద్రించు పద్ధతి మనకు ఏర్పడియున్నది. ఆ కావ్యము పుట్టిన చోటును కాపాడు బాధ్యత ఎవరిది? చట్టము ఎవరికి ఎంతవరకు అధికార మిచ్చినది? గ్రామపంచాయతి, పురపాలకసంఘము మొదలగు స్థానిక సంస్థలు చేయదగిన దేమి? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

దుర్గ స్వరూపము

ఉదయగిరి కొండ సముద్రమట్టమునకు సుమారు 3,079 అడుగుల ఎత్తు గలది. ఈ దుర్గము ఒక్క కోట కాదు. పూర్వము ఇందు పదుమూడు కోటలుండెననియు, వానిలో ఎనిమిది కొండమీదను, ఐదు క్రిందను ఉండెననియు ఆంగ్లేయుల కాలపు గెజెటీరు లిఖించినది. పెక్కుచోట్ల కొండచరియలు నిట్టనిలువుగా నుండుటచే ప్రకృతియే ప్రాకారమైనది. చరియలు తెగి దారి యేర్పడిన తావులందు మాత్రము మానవుడు గోడలు కట్టెను. ఈ దుర్గమును పట్టుకొనుటకు రాయలకు సుమారు ఏడాదిన్నర పట్టినది. సేనలు బురుజులను చేరుటకై పెద్ద బండలను పగులగొట్టించి బాటలు వేయించెనని పోర్చుగీసు రచయిత నూనిజ్ వ్రాసెను. 1514లో దుర్గము రాయల వశమైనది. గజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయడు పట్టుబడెను. ఈ విజయము తరువాత రాయలు తిరుమలకు వెళ్లి స్వామికి కనకాభిషేకము చేయించినట్లు అచటి శాసనములు చెప్పుచున్నవి.

ఉదయగిరి నుండి రాయలు తరలించిన బాలకృష్ణ విగ్రహము 1515లో విజయనగరమున కృష్ణాలయమందు ప్రతిష్ఠింపబడెను. కాలాంతరమున ఆ విగ్రహము చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. అనగా ఒక విగ్రహపు చరిత్ర మూడుచోట్ల చీలియున్నది. ప్రతిష్ఠా శాసనము హంపిలో, శిల్పము చెన్నైలో, మూలస్థానము ఉదయగిరిలో నున్నవి. మొదటి రెండింటికి ఆయా స్థలములయందు కావలివారు కలరు. మూడవదాని విషయమే మనకు విచారణీయము.

విజయనగరానంతరము దుర్గము గోలకొండ సుల్తానుల పాలైనది. కొండమీది మసీదునందలి పారసీక శాసనములు అబ్దుల్లా కుతుబ్షాహి కాలమునకు, క్రీ. శ. 1642-43 ప్రాంతమునకు చెందినవి. ఆర్కాటు నవాబుల కాలమున ఇది జాగీరైనది. 1839లో కర్నూలు నవాబుతో కలసి కుట్ర పన్నెనను అభియోగముపై కుంఫిణీ ప్రభుత్వము ఆ జాగీరును రద్దుచేసినది. కావున ఉదయగిరి ఒక మతమునకో ఒక వంశమునకో చెందిన ఆస్తి కాదు. సంస్కృతము, తెలుగు, పారసీకము అను మూడు భాషలకును ఈ చరిత్రలో పాలున్నది. పరిరక్షణ యనునది ఈ పొరలన్నిటికిని సమానముగా చెందవలెను. ఒకదానిని మెరుగుపెట్టుటకై మరియొకదానిని చెరపుట పరిరక్షణ కాజాలదు.

హాజరుపట్టీ వంటి గ్రంథములు

ఈ ప్రాంతపు ప్రాచీనావశేషములను లెక్కించు ప్రయత్నము పందొమ్మిదవ శతాబ్దిలోనే మొదలైనది. బాస్వెల్ రచించిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వెలువడినది. రాబర్ట్ సూయల్ మద్రాసు రాజధానిలోని ప్రాచీనావశేషముల పట్టికను 1882లో ప్రకటించెను. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనువారు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనసంపుటి అన్నిటికంటె ముఖ్యమైనది. ఇందు శాసనములు తాలూకాల వారిగా కూర్పబడినవి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలకు వేర్వేరు భాగములు కలవు. శాసనపాఠముతోబాటు ఆ రాయి ఏ యూర ఏ తావున నుండెనో చెప్పబడినది.

ఈ స్థల సూచనలకు నేడు కొత్త విలువ యేర్పడినది. నూటఇరువది సంవత్సరములకు పూర్వము ఏ రాయి యెచట నుండెనో తెలుపు ఈ సంపుటములు ఒక హాజరుపట్టీ వంటివి. వానిని చేతబట్టి ఊరూర తిరిగినచో ఏ రాయి నిలిచినది, ఏది మాయమైనది, ఏది ఇంటి గడపగానో కాలువపై బండగానో మారినది తేలిపోవును. భాషాచరిత్రకారునకు శాసనపాఠము ముద్రణలో దొరికినంతనే తృప్తి కలుగరాదు. 1905 నాటి పాఠమునందు సందేహమున్నచో దానిని తీర్చగలది ఆ రాయి యొక్కటే. రాయి పోయిన పిదప ఆ పాఠమును సరిచూచు మార్గము లేదు.

చట్టము చెప్పునది

భారతదేశమున ప్రాచీన కట్టడముల రక్షణకు తొలి సమగ్ర చట్టము 1904లో వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో కేంద్ర చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చట్టమును ఏర్పడినవి. జాతీయ ప్రాముఖ్యము గలవానిని కేంద్ర పురావస్తుశాఖయు, తక్కిన రక్షిత కట్టడములను రాష్ట్ర పురావస్తుశాఖయు చూచును. 2010 నాటి సవరణ ప్రకారము కేంద్ర రక్షిత కట్టడమునకు చుట్టును 100 మీటర్ల వరకు నిర్మాణము నిషిద్ధము. ఆ పైన 200 మీటర్ల వరకు అనుమతి పొందియే కట్టవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లు దాటిన శిల్పాదులను, డెబ్బదియైదేండ్లు దాటిన విలువైన వ్రాతప్రతులను పురావస్తువులుగా పరిగణించును. భూమిలో దొరకు నిధిని గూర్చి 1878 నాటి చట్టమే నేటికిని అమలులోనున్నది. పది రూపాయలకు మించిన నిధి దొరికినచో జిల్లా కలెక్టరునకు తెలుపవలసియున్నది.

ఈ చట్టములన్నియు ప్రకటన యను తలుపు గుండా లోనికి వచ్చిన కట్టడములకే పూర్ణరక్షణ నిచ్చుచున్నవి. పట్టికకెక్కిన గుడికి రక్షణ కలదు. ఆ గుడికి పోవు మెట్లదారికి, దాని కోనేటికి నీరు తెచ్చు కాలువకు, ఊరి చెరువుగట్టున నిలిచిన శాసనమునకు, పొలములోని వీరగల్లునకు చాలచోట్ల అట్టి రక్షణ లేదు. ఒక దుర్గము వీని సముదాయమే కాని నాలుగు గోడలు మాత్రమే కాదు. పైగా అధికారము పలువురి చేతులలో చీలియున్నది. కట్టడము పురావస్తుశాఖది, పూజ జరుగు దేవాలయము దేవాదాయశాఖది, మసీదు వక్ఫుబోర్డుది, కొండ యడవి అటవీశాఖది, పోరంబోకు రెవెన్యూశాఖది, వీథి పంచాయతిది. ప్రతి శాఖయు తన హద్దు వరకు వచ్చి ఆగుటచే హద్దుల నడుమ నున్న రాయి అనాథయగుచున్నది.

స్థానిక సంస్థల చోటు

ఆ నడుమనున్న చోటు స్థానిక సంస్థలదే. 1993లో అమలునకు వచ్చిన డెబ్బది మూడవ, డెబ్బది నాలుగవ రాజ్యాంగ సవరణలు పంచాయతులకు, పురపాలకసంఘములకు అప్పగింపదగిన విషయములను పేర్కొన్నవి. పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చిన్నతరహా నీటిపారుదల, సాంస్కృతిక కార్యములు, సామాజికాస్తుల పోషణ కలవు. పండ్రెండవ షెడ్యూలులోని 18 అంశములలో పదుమూడవది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయముల అభివృద్ధి. అయితే ఇవి తామంతట అధికారములు కావు. రాష్ట్ర శాసనసభ చట్టముచే ఇచ్చినంతవరకే సంక్రమించును. స్మారకములను కొనసాగించు సాంకేతిక కృషి పంచాయతి చేయగలది కాదు, చేయరాదు కూడ. కాని గృహనిర్మాణమునకు అనుమతి నిచ్చునదియు, వీథిని వెడల్పు చేయునదియు, చెత్త యెచట వేయవలెనో నిర్ణయించునదియు స్థానిక సంస్థయే. కట్టడమునకు హానియైనను మేలైనను తరచుగా ఈ మూడింటినుండియే కలుగును.

నెల్లూరినుండి ఉదయగిరికి పోవు మార్గమున ఆత్మకూరు కలదు. అది నేడు పురపాలక పరిధిలోని పట్టణము. ఉదయగిరి మండలకేంద్రమైన గ్రామము. ఈ రెంటి సమస్యలు వేరు. పెరుగుచున్న పట్టణమున పాత కట్టడమునకు శత్రువు భూమి వెల. కొండక్రింది యూర శత్రువు నిర్లక్ష్యము, నిధులపై ఆశ. దుర్గములలో గుప్తనిధులున్నవను నమ్మకముతో రాత్రివేళ గర్భగుడులను, విగ్రహపీఠములను త్రవ్వు దురాచారము రాయలసీమ, నెల్లూరు ప్రాంతములందు పాతదే. ఉదయగిరియు దానికి లోనైనది. ఇట్టి త్రవ్వకమున బంగారము దొరకకున్నను పునాది చెడును. దూరముననున్న శాఖాధికారికి ఈ వార్త చేరులోపల వానకాలము వచ్చి గోడ కూలును. గ్రామములోని వారే ముందుగా చూడగలరు, ముందుగా ఆపగలరు.

స్థానిక నియమము ఎంత మేలు చేయగలదో, ఎంత బలహీనమో తెలుపుటకు హైదరాబాదు నిదర్శనము. అచటి నగరాభివృద్ధి సంస్థ 1995లో తన నిర్మాణ నియమములందు వారసత్వ కట్టడముల పట్టికను చేర్చెను. పురావస్తుశాఖ పట్టికలో లేని భవనములకు, పిమ్మట ప్రకృతిసిద్ధమైన బండరాళ్లకు గూడ అందు చోటు దొరకెను. వానిని మార్చుటకు ఒక సంఘము సలహా అవసరమయ్యెను. 2015లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఆ నియమము తొలగింపబడగా, 2017లో తెలంగాణము ప్రత్యేక వారసత్వ చట్టము చేసినది. దీనివలన రెండు విషయములు తెలియుచున్నవి. పట్టికను వ్రాయుటకు నగరసంస్థయే తగినది. కాని ఆ పట్టికకు ప్రజల ఎరుక అను ఆధారము లేనిచో ఒక్క ఉత్తర్వుతో పోగలదు.

చేయదగిన పనులు

మొదటిది పట్టిక. ప్రతి పంచాయతియు తన పరిధిలోని గుడి, మసీదు, దర్గా, బావి, చెరువు తూము, శాసనము, వీరగల్లు, పాత భవనము మొదలగువానిని సర్వేనంబరుతోడను, ఛాయాచిత్రముతోడను నమోదుచేసి గ్రామసభ తీర్మానముతో భద్రపరుపవలెను. దీనికి పెద్ద వ్యయము లేదు. రెండవది అనుమతి. పట్టికలోని కట్టడము ప్రక్కన ఇంటి అనుమతి కోరినపుడు పురావస్తుశాఖ అభిప్రాయము తెప్పించుకొనుట ఆచారము కావలెను. మూడవది నీరు. ఉపాధిహామీ పథకమున పాత నీటివనరుల పునరుద్ధరణకు అవకాశము కలదు. రక్షిత పరిధి వెలుపలనున్న కోనేరు, చెరువు ఆ పద్దు క్రింద బాగుపడగలవు. కొండక్రింది చెరువు నిండియుండుటయే దుర్గము జీవించియుండుట.

నాలుగవది నిషేధము. భక్తితో చేయు చెరుపు పగతో చేయు చెరుపు కంటె తక్కువది కాదు. శాసనముపై సున్నము, నూనెరంగు పూయుట, రాతిసందులలో సిమెంటు నింపుట, మండపస్తంభములను ఇసుకపోటుతో తోముట, నేలపై పలకలు పరచుట ఇందులకు చెందును. సున్నపుగచ్చు తేమను పీల్చి వదలును. సిమెంటు దానిని లోన బంధించును. బంధింపబడిన తేమతో లవణములు పైకివచ్చి రాతి ముఖము పొరలుపొరలుగా రాలును. అక్షరములు మొదట పోవును. జీర్ణోద్ధరణ తీర్మానమునకు ముందు పురావస్తుశాఖవారి సలహా పొందవలెనని ధర్మకర్తల మండలికి తెలియజెప్పుట పంచాయతి విధి.

ఐదవది జీవనము. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు, ముళ్లగరిటెలు చెక్కు కళ కలదు. వాని పిడులపై పారసీకపు తీగలల్లికలు కన్పట్టును. దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. దుర్గమునకు వచ్చు యాత్రికునకు ఈ కళాకారుని అంగడి కనబడునట్లు చేసినచో, కొండను కాపాడుటలో ఊరివారికిని లాభము కన్పట్టును. తనకు కూడుపెట్టని రాతిని ఎవడును ఎల్లకాలము కావలి కాయడు.

అధ్యాపకుల పాలు

విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలకు ఇందు నిశ్చితమైన స్థానము కలదు. పంచాయతి కార్యదర్శికి శాసనలిపి తెలియదు. తెలియవలెనని ఆశించుట న్యాయము కాదు. ఒక్కొక్క పరిశోధకుడు 1905 నాటి సంపుటినుండి ఒక్కొక్క పూర్వ తాలూకాను గైకొని, అందలి ప్రతి శాసనమును స్థలమునకు పోయి సరిచూచి, ఉన్నదని, మారినదని, కానరాలేదని మూడు వరుసలుగా వ్రాసి, ఆ పత్రముయొక్క ప్రతిని ఆయా పంచాయతికి తెలుగులో అందజేసినచో, పరిశోధనయు పరిరక్షణయు ఒక్క పనిలో నెరవేరును. ఊరి పాఠశాల ఉపాధ్యాయుడు ఆ రాతిమీది నాలుగు పంక్తులను పిల్లలకు చదివి వినిపించినచో అది ఊరికి తెలిసిన రాయి యగును. ఊరికి తెలిసిన రాయి దొంగిలింపబడుట కష్టము. కాలువపై బండగా మారుటయు కష్టము.

మనుచరిత్ర అవతారికను ఏటేట తరగతులలో బోధించుచున్నాము. అందు పేర్కొనబడిన కొండ ఒక దినపు ప్రయాణములో చేరదగినది. ఆ పద్యమునకు మనము వ్రాయు వ్యాఖ్యానములలో ఆ శిల ప్రస్తుతస్థితి యను వాక్యము గూడ చేరవలసియున్నది. ఆ వాక్యమును ఏడాది కొకమారు సరిచూచి వ్రాయగలిగిననాడు, చట్టమునకు కన్నులును, పంచాయతికి అక్షరములును లభించును.