ఏ ఢిల్లీ చూసొద్దాం?

కుతుబ్ మీనార్ గేటు ముందు బస్సు ఆగగానే గైడు మైకు అందుకున్నాడు. "నలభై నిమిషాలు టైము. సరిగ్గా పదకొండింటికి బండి కదుల్తుంది" అన్నాడు. టికెట్ల వరసలో, సెక్యూరిటీ దగ్గర పదిహేను నిమిషాలు పోయాయి. మీనారు ముందు ఫొటోలకు ఇంకో పది. మా పెదనాన్న హనుమకొండ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. తుప్పు పట్టని ఇనుప స్తంభం గురించి పిల్లలకు ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాడు. దాన్ని కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక. స్తంభం దగ్గరికి వెళ్లి కళ్లజోడు సవరించుకుంటున్నాడో లేదో, మావాళ్లు వెనక నుంచి కేకేశారు, బస్సు బయల్దేరుతోందని.

ఆ రోజు సోమవారం. ఎర్రకోటకు సోమవారం సెలవు. లోటస్ టెంపుల్‌కూ, అక్షరధామ్‌కూ, నేషనల్ మ్యూజియంకూ సోమవారమే సెలవు. టికెట్ అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు. ఎర్రకోట ముందు బస్సు కాస్త నెమ్మదించింది, "కుడిపక్క లాల్ ఖిలా" అని మైకులో వినిపించింది, అంతే. కానీ మధ్యాహ్నం ఒక శాలువాల దుకాణం ముందు మాత్రం గంటకు పైగా ఆగాం. రాత్రి లాడ్జిలో కాళ్లకు నూనె రాసుకుంటూ పెదనాన్న అన్న మాట ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది. "పది జాగలు చూపిస్తమన్నరు. మనమేం చూసినం బిడ్డా?"

కిందటి ఫిబ్రవరిలో ఆయన్ని మళ్లీ ఢిల్లీ తీసుకెళ్లాను. ఈసారి బయల్దేరే ముందు నెల రోజులు టూర్ల సంగతే పట్టించుకున్నాను. ఢిల్లీ పోదామనుకునే మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు చిక్కు బస్సుల్లో కాదు, ఢిల్లీలోనే ఉంది. మన గోల్కొండలా అది ఒక్క కోట కాదు. ఒక్కో పాలకుడు వచ్చి ఒక్కో చోట కొత్త ఊరు కట్టాడు. దక్షిణాన మెహ్రౌలీలో కుతుబుద్దీన్ ఐబక్ 12వ శతాబ్దం చివర మొదలెట్టిన మీనారు ఉంది. అక్కడికి దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉత్తరాన షాజహాన్ 1638లో మొదలుపెట్టి 1648కి పూర్తిచేసిన ఎర్రకోట. ఈ రెంటికీ నడుమ తుగ్లక్‌లు, సయ్యద్‌లు, లోదీలు, హుమాయూన్, షేర్షా. ఆపైన 1911 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి మారుస్తున్నట్టు ప్రకటించి, 1931లో బ్రిటిష్ వాళ్లు ప్రారంభించిన న్యూఢిల్లీ. ఏడు వందల ఏళ్ల ఊళ్లన్నీ ఒక్కరోజు బస్సులో కుక్కితే మిగిలేది ట్రాఫిక్కే. అందుకే టూరు ఎంచుకునేటప్పుడు "ఎన్ని చూపిస్తారు?" అని కాదు, "ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారు?" అని అడగాలి. నేను ఫోన్ చేసిన వాళ్లలో ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరి పేర్లే కాగితం మీద ఉంచుకున్నాను.

రెండో ప్రశ్న, గైడు ఎవరని. కేంద్ర పర్యాటక శాఖ లైసెన్సు ఇచ్చిన గైడ్లకు ఫొటోతో గుర్తింపు కార్డు ఉంటుంది. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని "సార్, గైడ్ సార్" అనే ప్రతివాడి దగ్గరా అది ఉండదు. చూపించమని అడగడం తప్పేం కాదు, కార్డున్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. మూడోది, దారిలో దుకాణం ఆగడం ఉందా అని. ఉందంటే, ఆ గంట మీ చరిత్రలోంచి కోసుకున్న గంటే. ఇంకొకటి కూడా చెప్పాలి, తెలుగులో చెప్పే గైడు దొరకడం కష్టం. మా పెదనాన్నకు హిందీ బాగానే వచ్చు కాబట్టి మాకు ఇబ్బంది కలగలేదు. గుంపుగా వెళ్లేవాళ్లు తమలో హిందీ వచ్చినవాళ్లను ఒకరిని గైడు పక్కనే నడవమంటే మేలు.

బస్సు టూర్లు వద్దని నేననను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు, ఒక్కరోజే తీరిక ఉన్నవాళ్లకు బస్సే దిక్కు. అయితే దాన్ని న్యూఢిల్లీ వరకే ఉంచుకోండి. రాష్ట్రపతి భవన్, కర్తవ్య పథ్, ఇండియా గేట్, ఇవన్నీ పెద్ద రోడ్ల మీద దూరం నుంచి చూడ్డానికే కట్టినవి. న్యూఢిల్లీని రూపొందించిన లట్యెన్స్ ఉద్దేశమే అది. రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఇండియా గేట్ దగ్గర మాత్రం బస్సు దిగండి. 42 మీటర్ల ఆ కమాను మీద యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు పదమూడు వేలకు పైగా చెక్కి ఉన్నాయి. దాని వెనక ఛత్రి కింద 2022లో నిలబెట్టిన నేతాజీ విగ్రహం నల్లరాయి మన ఖమ్మం జిల్లాది. 280 టన్నుల ఏకశిల, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చింది. పెదనాన్న ఆ విగ్రహాన్ని చూస్తూ, "మన దిక్కు రాయి" అని పక్కనున్న హర్యానా కుటుంబానికి హిందీలో వివరంగా చెప్పాడు.

మిగతా ఢిల్లీకి నడకే మంచిది. శని, ఆదివారాల్లో ఉదయం పూట ఇంటాక్ ఢిల్లీ విభాగం వారసత్వ నడకలు నడుపుతుంది. వారసత్వ కట్టడాల రక్షణకు 1984లో పుట్టిన సంస్థ అది. నిజాముద్దీన్ బస్తీలోనూ, పాతఢిల్లీలోనూ, పహాడ్‌గంజ్‌లోనూ స్వచ్ఛంద సంస్థలు నడిపే నడకలున్నాయి. పహాడ్‌గంజ్ సందుల్లో సలామ్ బాలక్ ట్రస్టు నడకను ఒకప్పుడు వీధుల్లో పెరిగిన పిల్లలే నడిపిస్తారు. రెండు మూడు గంటలు, పది పదిహేను మంది, ఒకే పేట. గైడు గొంతు చివరి మనిషికీ వినిపిస్తుంది, అడిగిన ప్రశ్నకు ఆగి జవాబు చెబుతారు. అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకూ, మళ్లీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో హాయిగా నడవొచ్చు. జనవరిలో పొద్దున పొగమంచుకు ఎదుటి గుమ్మటం కనిపించదు, పైగా గణతంత్ర దినం ముందు ఎర్రకోట దగ్గర ఆంక్షలుంటాయి.

ఎర్రకోటకు ఒక పూట పూర్తిగా ఇవ్వాల్సిందే. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లు లోపలి మహళ్లలో చాలా భాగం పడగొట్టి బారకాసులు కట్టారు. ఏది పోయిందో చెప్పగల గైడు లేకపోతే అక్కడ పచ్చిక మైదానాలే కనిపిస్తాయి. బహదూర్ షా జఫర్ ఏ దివాన్-ఎ-ఖాస్‌లో కొలువుతీరాడో, 1858లో అక్కడే ఆయన్ని నిలబెట్టి విచారణ చేశారు. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ జరిగిందీ ఈ కోటలోనే. 1739లో నాదిర్ షా నెమలి సింహాసనాన్నీ కోహినూర్‌నూ ఎత్తుకుపోయిందీ ఢిల్లీ నుంచే. కోహినూర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. పల్నాడు నుంచి వెళ్లేవాళ్లు ఆ సభామంటపం ముందు ఒక్క నిమిషమన్నా ఆగకుండా ఎలా ఉంటారు?

ఓరుగల్లు వాళ్లం కాబట్టి మేం వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం వేరే రెండు చోట్లకు. ఏ పది చోట్ల బస్సూ అక్కడ ఆగదు.

మొదటిది తుగ్లకాబాద్. కుతుబ్ నుంచి తూర్పుకు మెహ్రౌలీ-బదర్‌పూర్ రోడ్డు మీద పోతే వస్తుంది. కార్లో ఒక గైడును వెంటబెట్టుకుని వెళ్లాం. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో మొదలుపెట్టిన కోట. పెద్ద పెద్ద బండలతో, పైకి పోయేకొద్దీ లోపలికి వాలే గోడలు, పొదలు, కోతులు, నిశ్శబ్దం. రోడ్డుకు ఇవతల ఆయన సమాధి, ఎర్రరాతి వాలు గోడల మీద తెల్ల పాలరాతి గుమ్మటం. పెదనాన్న ఆ వాలు గోడ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. "ఇది మన ఖుష్ మహల్ గోడ లెక్కనే ఉన్నది కద" అన్నాడు. నిజమే. వరంగల్ కోటలో తోరణాలకు కాస్త దూరంలో ఉన్న ఖుష్ మహల్‌ను షితాబ్ ఖాన్ కట్టించాడని మా ఊళ్లో చెప్పుకుంటారు గానీ, ఆ వాలు గోడల పద్ధతి తుగ్లక్‌లదే.

ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. తుగ్లకాబాద్ గోడలు లేస్తున్న రోజుల్లోనే, 1323లో, గియాసుద్దీన్ కొడుకు ఉలుగ్ ఖాన్ రెండోసారి దండెత్తి ఓరుగల్లును పట్టుకున్నాడు. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఆయనే. కాకతీయ ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి పంపారు. ఆయన ఢిల్లీ చేరలేదు, దారిలో నర్మద ఒడ్డున తనువు చాలించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. మా గైడుకు తుగ్లక్‌ల గురించి చాలా తెలుసు, ప్రతాపరుద్రుడి గురించి తెలియదు. పెదనాన్న చెబుతుంటే ఆయన నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. మంచి గైడుకు నా గుర్తు అదే.

రెండోది నిజాముద్దీన్. హుమాయూన్ సమాధికి బస్సులన్నీ వెళ్తాయి, వెళ్లాలి కూడా. 1560లలో మొదలై 1570ల ఆరంభానికి పూర్తయిన ఆ కట్టడం తాజ్‌మహల్‌కు అక్క లాంటిది. ఆగాఖాన్ ట్రస్టు చేసిన మరమ్మతుల తర్వాత తోటలో నీళ్లు మళ్లీ పారుతున్నాయి. అక్కడ గేటు లోపలే కుడివైపున ఈసా ఖాన్ సమాధి ఉంది, ఎనిమిది మూలలది, 1547 నాటిది. చూసినవాళ్లు బాగుందని ఫొటో తీసుకుని ముందుకు పోతారు. ఆ ఎనిమిది మూలల పద్ధతికి ఢిల్లీలో తొలి రూపం రోడ్డు దాటితే బస్తీలో ఉంది, ఇరుకు సందుల వెనక. అది ఒక తెలుగువాడి సమాధి.

ఆయన పేరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఓరుగల్లు పతనమైనప్పుడు పట్టుబడి ఢిల్లీ చేరి, ఇస్లాం తీసుకుని, మక్బూల్ అయ్యాడు. చదువు రాని మనిషని ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. అలాంటివాడు ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరై రాజ్యం మొత్తం చేతుల మీదుగా నడిపాడు. సుల్తాను సింధు దండయాత్రకు పోయి కచ్ రణంలో దారితప్పి నెలల తరబడి జాడ లేనప్పుడు, ఢిల్లీ చెయ్యిజారకుండా పట్టుకున్నది ఈయనే. ప్రతాపరుద్రుడి సేనాని గన్నమ (గన్నయ) నాయకుడే ఈ మక్బూల్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కవి మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చింది ఆ గన్నయకే. అదే నిజమైతే, తెలుగు పురాణం అంకితం పుచ్చుకున్న మనిషి ఢిల్లీ మట్టిలో నిద్రపోతున్నాడు. ఆయన సమాధిని చూసే లోదీ తోటలోని సయ్యద్ సుల్తాను సమాధికీ, ససారాంలో షేర్షా సమాధికీ ఎనిమిది మూలలు వచ్చాయని వాస్తు చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. ఆయన కొడుకు జూనాన్ షా కట్టించిన ఖిడ్కీ మసీదు, తుర్క్‌మాన్ గేట్ దగ్గరి కలాన్ మసీదు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

మేం వెళ్లిన ఆదివారం నడకలో పన్నెండు మందిమి ఉన్నాం. నడిపించే అమ్మాయి ముందే చెప్పింది, "అది చూడ్డానికి అందంగా ఉండదు అంకుల్‌జీ" అని. అందంగా లేదు. చుట్టూ ఇళ్లు సమాధికి ఆనుకుని లేచాయి. వరండా కమానుల మధ్య గోడలు కట్టుకుని లోపల కాపురాలున్నాయి. ఒక స్తంభానికి బట్టలారేసే తాడు. గుమ్మటం పై భాగం మేడల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అక్కడ బతికేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకూ తలదాచుకునే చోటు కావాలి. ఆరున్నర శతాబ్దాలు దాటిన, ఢిల్లీ వాస్తునే మలుపు తిప్పిన కట్టడానికి దారి చూపే పలక కూడా మా కంట పడలేదే అన్నదే బాధ. తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ వెళ్లే బడిపిల్లల విహారయాత్రల్లో ఇదొక మజిలీ కావాలి. వెళ్లి అడిగేవాళ్లుంటే పలక దానంతటదే వస్తుంది. పెదనాన్న చెప్పులు విప్పి, కమాను రాయిని తాకి, ఏమీ మాట్లాడకుండా వెనక్కి వచ్చాడు.

మధ్యాహ్నం ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో భోజనానికి కూర్చున్నాం. ఆదివారం రద్దీ, ఎదుటి కుర్చీల్లో గుంటూరు నుంచి వచ్చిన దంపతులు, వయసు మళ్లినవాళ్లు. ముందు రోజు బస్సులో ఢిల్లీ అంతా తిరిగేశామన్నారు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ పెదనాన్న అడిగాడు, "తిలంగానీ గోరీ చూసిండ్రా?"

"అదెక్కడండీ? మా బస్సు అటు పోలేదే" అన్నాడాయన.

పెదనాన్న గ్లాసులో వేలు ముంచి బల్ల మీద నీళ్లతో గీశాడు. ముందు నాలుగు గీతలు, వాటి మూలలు కోసి ఇంకో నాలుగు. నడుమ గుమ్మటానికి ఒక సున్నా. గీత ఆరిపోతుంటే మళ్లీ తడిపాడు. ఆవిడ ముద్ద చేతిలోనే ఉంచుకుని వింటోంది. ఓరుగల్లు కోట దగ్గర మొదలుపెట్టాడు, కచ్ రణం దాటేసరికి వడ్డించే కుర్రాడు కూడా సాంబారు బకెట్టుతో అక్కడే నిలబడిపోయాడు.

"మా బండి రాత్రి కదండీ" అని ఆవిడ భర్త వైపు చూసింది. "ఇక్కణ్నుంచి ఎంత దూరం బాబూ?"

"ఆటోలో పావుగంట" అన్నాను.

"నేనొస్త, పదండి" అన్నాడు పెదనాన్న, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.